గట్టు మీద చెప్పులు

కొరియా వెళ్దామన్న ఆలోచన నాది కాదు, నూర్జహాన్‌ది. తెనాలిలో ఆమెకి లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. నేను బాపట్ల నుంచి రైలెక్కి వెళ్ళి మరీ ఆమె దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటాను. మిషను పక్కన ఫోను నిలబెట్టుకుని, తెలుగులోకి డబ్బింగ్ చేసిన కొరియా సీరియళ్ళు చూస్తూ కుడుతుంది. నా జాకెట్ చేతులు పొట్టిగా వచ్చాయంటే ఆ వారం హీరోకి ఏదో కష్టం వచ్చిందని అర్థం.

కానీ నూర్జహాన్ హీరోని చూసేది తక్కువ. అతని వెనకాల కనిపించే పొలాల్నీ, రెల్లునీ, బురద నేలల్నీ చూస్తుంది. ఆమె పుట్టిల్లు రేపల్లె. "అక్కా, ఇది చూడు, మా కాలవ గట్టు దాటాక వచ్చే బురద ఇలాగే ఉండదూ? అంత దూరాన కూడా మన నేలే ఉందేంటి?" అని ఒక రోజు ఫోను నా చేతిలో పెట్టింది. అప్పటికి నేను లెక్కల టీచరుగా రిటైరై ఏడాది. ఇంట్లో కూర్చుని మా ఆయన చదివే పేపర్లో తప్పులు వెతకడం తప్ప పని లేదు. సరే పద అన్నాను. రాజధానిలో మేడలు చూసే వాళ్ళు ఎలాగూ చూస్తారు, మనం దక్షిణాన ఉన్న చిన్న ఊళ్ళకే పోదాం అనుకున్నాం. మాలాగే వెళ్ళాలనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా నేను చేసిన పని వాళ్ళు చేయకుండా ఉండటం కోసం.

అక్టోబరు మొదట్లో, పొద్దున్నే బాపట్లలో హైదరాబాదు రైలెక్కాను. నిడుబ్రోలులో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. కాకుమాను రైతు. నా పెట్టె సైజు చూసి ఊరుకోలేకపోయారు.

"ఎందాకమ్మా ప్రయాణం?"

"కొరియా అండి."

"అక్కడెవరున్నారు మీకు?"

"ఎవరూ లేరండి. ఊరికే చూడ్డానికి."

"ఏముంటాయేంటి అక్కడ?"

"వరిచేలు, రెల్లు, బురద, బాబాయిగారూ."

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నారు. "బురదకి విమానమెందుకమ్మా? వానాకాలంలో మా ఊరు రాకపోయారా, కావలసినంత చూపించే వాణ్ణి!" అన్నారు. బోగీలో ఉన్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

తెనాలిలో నూర్జహాన్ ఎక్కింది. ఆమె భర్త మస్తాన్ సైకిల్ విడిభాగాలు అమ్ముతాడు, మాట తక్కువ మనిషి. సామాను లోపల పెట్టి, కిందికి దిగి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, మా ఆవిడకి తొందరెక్కువ, దారి గుర్తుండదు. మీరు పక్కనున్నారనే పంపిస్తున్నానండి" అన్నాడు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏటా పిల్లల్ని సూర్యలంక సముద్రానికి విహారయాత్రకి తీసుకెళ్ళిన దాన్ని. బస్సు దిగేటప్పుడు తలలు లెక్కపెట్టి, ఎక్కేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టి, ఏ ఏడూ ఒక్క తల తగ్గకుండా ఇంటికి చేర్చాను. ఆ మాటే అతనికి చెప్పాను. "అంతమందిని తెచ్చిన దాన్ని, ఈవిడొక్కదాన్ని తీసుకురాలేనా తమ్ముడూ? నీకు భద్రంగా అప్పజెప్పే పూచీ నాది" అన్నాను. రైలు కదిలింది. మస్తాన్ ప్లాట్‌ఫాం చివరిదాకా నడుస్తూ వచ్చాడు.

హైదరాబాదులో విమానం ఎక్కి, మధ్యలో ఒకచోట మారి, మర్నాడు పొద్దునకి ఇంచియాన్‌లో దిగాం. అక్కణ్ణుంచి సియోల్‌కి రైలు, సియోల్ నుంచి సున్‌చాన్‌కి మరో రైలు, మూడు గంటల లోపే. శని, ఆదివారాల్లో సీట్లు దొరకవు, టికెట్లు ముందే తీసుకోండి. ఇద్దరికీ కలిపి ఒకే సిమ్ తీసుకున్నాం, నూర్జహాన్ ఫోనులో వేశాం. అనువాదం చేసే యాప్ కూడా అందులోనే. అది నా పొదుపు. దాని సంగతి తర్వాత చెబుతాను.

రైల్లో ఎవరూ మాట్లాడరు. మన రైళ్ళకి అలవాటు పడ్డ చెవులకి అది కాసేపు జబ్బుగా అనిపిస్తుంది. నా పక్కన కూర్చున్న ముసలాయన చాలాసేపు ఆలోచించి, సంచిలోంచి రెండు చిన్న కమలాపళ్ళు తీసి మా చేతుల్లో పెట్టి, "ఇండియా?" అన్నాడు. "ఇండియా" అన్నాను. తృప్తిగా తలాడించి కళ్ళు మూసుకున్నాడు. ఆ ప్రయాణంలో అంతకు మించి సంభాషణ జరగలేదు.

సున్‌చాన్ చిన్న పట్నం, చక్కగా కడిగినట్టుంటుంది. ఊరి బయట సముద్రం లోపలికి చొచ్చుకు వచ్చిన చోట మైళ్ళ కొద్దీ రెల్లు. రెల్లు మధ్యలోంచి చెక్క బాట వేశారు. కింద బురద, బురదలో పీతలు, గుడ్లు మిటకరిస్తూ గెంతే చిన్న చేపలు. నూర్జహాన్ బాట మీద బోర్లా పడుకుని వాటిని చూసింది. వెనక వచ్చే వాళ్ళు ఆమెను దాటుకుని, నవ్వుకుంటూ పోయారు. "అక్కా, ఇవి మా రేపల్లె వైపు మడ అడవుల్లో కూడా ఉంటాయి. చిన్నప్పుడు పట్టడానికి బురదలో దిగితే మా అమ్మ వీపు వాయించేది" అంది.

మర్నాడు బస్సులో నాగన్ కోట ఊరికి వెళ్ళాం. రాతి గోడ మధ్యలో మొత్తం గడ్డి కప్పుల ఇళ్ళే. చూపించడానికి కట్టినవి కాదు, జనం కాపురముంటున్నారు. కప్పుల మీద సొరపాదులు పాకాయి. కోత అయ్యాక కొత్త వరిగడ్డితో కప్పు వేస్తారట. ఒక అరుగు మీద ఒకాయన గడ్డితో తాడు పేనుతుంటే నూర్జహాన్ పక్కన కూర్చుని తనూ పేనింది. ఆయన ఆ తాడు లాగి చూసి, తన తాడుకే కలిపేసుకున్నాడు. ఇంతకంటే మెప్పు ఏం కావాలి?

భోజనాల గురించి భయపడక్కర్లేదు. నూర్జహాన్ హలాల్ కాని మాంసం ముట్టదు, గవ్వల్లాంటివి కూడా తినదు. చేపలు, గుడ్లు, కూరలు తింటుంది. ఆ సంగతి కొరియా భాషలో ఒక అట్ట మీద రాయించుకుని హోటల్లో చూపించేవాళ్ళం. ఒక్కచోట కూడా మొహం చిట్లించలేదు. అక్కడ హోటల్లో వడ్డించే ఆవిణ్ణి 'ఇమో' అని పిలుస్తారు, అంటే పిన్ని. ముక్కూ మొహం తెలియని మనిషిని పిన్నీ అని పిలిచి అన్నం పెట్టమనడం తెలిశాక నాకు ఆ దేశం మీద సగం బెరుకు పోయింది. మిగతా సగం నేను తెచ్చుకున్న కందిపొడి చూసుకుంది. ముద్దగా ఉండే వాళ్ళ అన్నంలో కందిపొడి బ్రహ్మాండంగా కలుస్తుంది.

మూడో మజిలీ బొల్గ్యొ. అదీ సముద్రపు బురదని నమ్ముకుని బతికే ఊరే. బురదలో దొరికే గవ్వ మాంసానికి పేరు పడింది. నూర్జహాన్ తినదు కాబట్టి ఆమె వంతు కూడా నేనే తిన్నాను. ఆ ఊరి నుంచి చిన్న బస్సులో తీరం పక్కన ఉన్న ఒక పల్లెకి పోయి, ఒక అవ్వ ఇంట్లో గది తీసుకున్నాం. మంచాల్లేవు. నేల కిందనుంచి వెచ్చగా ఉంటుంది, పరుపు పరుచుకుని పడుకోవడమే. నా మోకాళ్ళకి ఆ వెచ్చదనం తగిలేసరికి నేను పొద్దున పది దాకా లేవలేదు. నూర్జహాన్ మాత్రం తెల్లవారుజామున నమాజుకి లేచి, తర్వాత అవ్వతో కలిసి తీరానికి వెళ్ళి వచ్చింది.

మధ్యాహ్నం అన్నం తిని ఇద్దరం వెళ్ళాం. ఆ సమయానికి సముద్రం లేదు. అతిశయోక్తి కాదు, నిజంగా లేదు. కనుచూపు మేర మెరిసే బూడిదరంగు బురద. ఆ బురద మీద పదీ పన్నెండు మంది ఆడవాళ్ళు పొడుగాటి చెక్క పలకల మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో బురదని తన్నుతూ జారిపోతున్నారు. అందరూ మా వయసు వాళ్ళో, మాకంటే పెద్దవాళ్ళో. గవ్వలు ఏరి బుట్టల్లో వేసుకుంటున్నారు. గట్టు నుంచి దిగే సిమెంటు వాలు మీద వాళ్ళ చెప్పులు వరసగా ఉన్నాయి. పూల పూల రబ్బరు చెప్పులు, ముందు వైపు ఊరికేసి తిరిగి ఉన్నాయి.

కొంచెం దూరంలో నాలుగు చెట్లున్న చిన్న దిబ్బ ఒకటి ఉంది. గట్టు నుంచి దానిదాకా రాళ్ళు పరిచిన బాట ఉంది.

"అక్కా, అసర్ నమాజు వేళైంది, అక్కడ చేసుకుని వస్తా. ఎంత ప్రశాంతంగా ఉందో చూడు. నువ్వూ రా" అంది నూర్జహాన్.

నా మోకాళ్ళు ఆ రాళ్ళని చూసి వద్దన్నాయి. "నువ్వు వెళ్ళిరా. నేనిక్కడ కూర్చుంటా."

"నీళ్ళు రావు కదా?"

ఇక్కడ నేను ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. "సముద్రం గురించి బాపట్ల దాన్ని నన్నడుగుతావేంటి? అంత దూరాన ఉన్న నీళ్ళు నువ్వు నమాజు చేసేలోపు వస్తాయా?" అన్నాను. మన సూర్యలంకలో సముద్రం పొద్దున ఉన్న చోటే ఇంచుమించు సాయంత్రమూ ఉంటుంది. నాలుగు అలలు ముందుకొస్తే పోటు వచ్చిందంటాం. నేనెరిగిన సముద్రం అదొక్కటే.

నూర్జహాన్ చెప్పులు విప్పి ఆ వరస చివర పెట్టింది. తెనాలిలో ప్రయాణం కోసమే కొనుక్కున్న జరీ పట్టీల చెప్పులు. ఫోను చేత్తో పట్టుకుని, సల్వారు మడమల పైకి లాక్కుని, రాళ్ళ మీద గబగబా వెళ్ళిపోయింది.

ఆమె అటు వెళ్ళగానే నేను చేసిన మొదటి పని, వంగి ఆ చెప్పులు తీసి, బురద దులిపి, నా గుడ్డ సంచిలో పెట్టుకోవడం. కొత్త చెప్పులు అలా దిక్కూ దివాణం లేకుండా వదిలేస్తే ఉంటాయా? మనం గుడికెళ్తే లోపల దండం పెడుతున్నా మనసు బయట చెప్పుల దగ్గరే ఉంటుంది. ఆ మనసునే నేను కొరియా కూడా తీసుకెళ్ళాను.

గట్టు మీద పెంకుల కప్పున్న మండపం ఉంది. దాని చెక్క అరుగు మీద కూర్చున్నాను. ఎండ హాయిగా ఉంది. గవ్వల కూర కడుపులో బరువుగా ఉంది. గోడకి చేరగిలబడ్డాను, కన్నంటుకుంది.

మెలకువ వచ్చేసరికి ఆడవాళ్ళు ఒడ్డుకి వస్తున్నారు. పలకలు గట్టుకి ఆనించి, గొట్టంతో కాళ్ళు కడుక్కుని, చెప్పులేసుకుని, నవ్వుకుంటూ ఊళ్ళోకి పోతున్నారు. అందరికంటే ఆఖరున వచ్చినావిడ ఎర్ర కండువా తలకి చుట్టుకున్న ముసలావిడ. తన చెప్పులేసుకుని, వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న సిమెంటు వాలుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తలాడించుకుంది. వాలుకి అడ్డంగా గొలుసు తగిలించి, నన్ను చూసి నవ్వి, తోపుడు బండి తీసుకుని బయల్దేరింది. నేనూ నవ్వి నమస్కారం పెట్టాను.

అప్పుడు దిబ్బ వైపు చూశాను. రాళ్ళ బాట లేదు. దాని మీద నీళ్ళు. దూరాన్నుంచి అలలుగా రావడం కాదు, అటూ ఇటూ పాయల్లోంచి చప్పుడు లేకుండా నిండిపోయాయి. దిబ్బ దీవైపోయింది. చెట్ల కింద మనిషి కనిపించడం లేదు.

"నూర్జహాన్!" అని అరిచాను. క్లాసులో అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు నాది, అయినా ఆ నీళ్ళ మీద ఎక్కడికీ పోలేదు. నా ఫోనులో సిమ్ లేదు. ఆమెకి ఈత రాదు. తొందర మనిషి, నీళ్ళు మోకాలి లోతే కదా అని దిగి ఉంటుంది అనుకున్నాను. ఆ మాట అనుకోగానే కిటికీ ఊచలు పట్టుకున్న మస్తాన్ చేతులు కళ్ళ ముందుకి వచ్చాయి.

పరుగెత్తి ఆ ముసలావిడ బండికి అడ్డం నిలబడ్డాను. దిబ్బ చూపించాను, నీళ్ళు చూపించాను, తెలుగులో, ఇంగ్లీషులో ఏదేదో చెప్పాను. ఆవిడ శాంతంగా విని, నా చెయ్యి పట్టుకుని వాలు దగ్గరికి తీసుకొచ్చింది. ఖాళీ సిమెంటుని చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. ఎవరూ లేరు అన్నట్టు. నేను దిబ్బ చూపించాను. ఆవిడ మళ్ళీ సిమెంటు చూపించింది, ఈసారి కాస్త విసుగ్గా. ఈ మొద్దావిడ నేల ఎందుకు చూపిస్తుంది అని నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఒక కాలి చెప్పు విప్పి వాలు మీద పెట్టి, బురద వైపు చెయ్యి చూపించింది. మళ్ళీ ఆ చెప్పు తొడుక్కుని, ఊరి వైపు చూపించింది.

అప్పుడు అర్థమైంది. గట్టు మీద చెప్పులుంటే ఆ మనిషి ఇంకా బురదలోనే ఉన్నట్టు. చెప్పులు లేకపోతే ఇంటికి చేరినట్టు. ఆ ఊళ్ళో తలలు లెక్కపెట్టరు, చెప్పులు చూస్తారు.

సంచిలో చెయ్యి పెట్టి ఆ జరీ చెప్పులు తీశాను. అవి ఎక్కణ్ణుంచి తీశానో అక్కడే, వరస చివర ఉన్న చోటే పెట్టాను.

ఆవిడ మొహం మారిపోయింది. ఆ చెప్పుల్ని చూసింది, నా కాళ్ళకున్న చెప్పుల్ని చూసింది, దిబ్బని చూసింది. ఇంక నా వంక తిరగలేదు. ఊరి వైపు తిరిగి ఒక్క కేక వేసింది. నా కేక లాంటిది కాదది. వెళ్ళిపోతున్న ఆడవాళ్ళు గబగబా వెనక్కి వచ్చారు. ఒకావిడ ఫోను చేసింది. కాసేపటికే పక్కనున్న రేవులోంచి చిన్న మోటారు పడవ బయల్దేరింది, ఇద్దరు మగవాళ్ళు ఉన్నారందులో.

పడవ దిబ్బ వెనక్కి పోయి కనిపించకుండా పోయింది. ఆ ముసలావిడ నా చెయ్యి వదల్లేదు. ఆవిడ చెయ్యి చల్లగా, ఉప్పగా, గరుగ్గా ఉంది. ఎండ ఎర్రబడుతోంది. నేను ఏ దేవుణ్ణి తలుచుకున్నానో నాకే తెలియదు, నూర్జహాన్ వాళ్ళ అల్లాని కూడా వదల్లేదు.

పడవ దిబ్బ అవతలి నుంచి బయటికి వచ్చింది. వెళ్ళినవాళ్ళు ఇద్దరు. నేను తలలు లెక్కపెట్టాను. మూడు.

నూర్జహాన్ ఒడ్డుకి దిగీ దిగకముందే దాన్ని పట్టుకుని తిట్టాను, ముద్దు పెట్టుకున్నాను, మళ్ళీ తిట్టాను. ఎవరో దుప్పటి కప్పారు. దాని కాళ్ళు మంచు ముక్కల్లా ఉన్నాయి గానీ మనిషి నిబ్బరంగా ఉంది.

"నీళ్ళలో దిగలేదు కదా?"

"లేదక్కా. నమాజు అయ్యి చూసేసరికి దారి లేదు. చెట్ల వెనకాల ఎత్తు మీద కూర్చున్నా. ఫోనుంది గానీ ఎవరికి చేయను, నీ దాంట్లో సిమ్ లేదుగా. ఎవరో ఒకరు వస్తార్లే అనుకున్నా."

"ఎలా అనుకున్నావు?"

"పొద్దున అవ్వతో వచ్చాగా. చెప్పులెందుకు వరసగా పెట్టారు అంటే ఫోనులో అనువాదం పెట్టి చెప్పింది. అందుకే నావి కూడా పెట్టి వెళ్ళా. చూస్తారు కదా అని ధైర్యం."

చూస్తారన్న నమ్మకంతోనే ఆమె ఆ దిబ్బ మీద కదలకుండా కూర్చుంది. ఆ నమ్మకాన్ని నేను బురద దులిపి సంచిలో వేసుకున్నాను. దాచడం నా వల్ల కాలేదు, అప్పుడే, అక్కడే చెప్పేశాను. "నేనే తీశానే. పోతాయని."

నూర్జహాన్ నా వంక చూసింది. "కొత్తవని తీశావా?" అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. దుప్పటిలో వణుకుతూ, పళ్ళు కొట్టుకుంటూ, ఆపకుండా నవ్వింది. అర్థం కాకపోయినా ఆ ఆడవాళ్ళంతా నవ్వారు. ఒక్క ఎర్ర కండువా ఆవిడ మాత్రం నవ్వకుండా, వేలు చూపించి నన్ను గట్టిగా మందలించింది. ఒక్క ముక్క తెలియకపోయినా ప్రతి ముక్కా అర్థమైంది. తలొంచుకుని విన్నాను.

దిబ్బ ఎంత పోటుకీ మునగదనీ, అసలు ప్రమాదం మధ్య పాయల్లో దిగిన వాళ్ళకేననీ ఆ సాయంత్రం అవ్వ ఫోనులో చెప్పింది. మర్నాడు పొద్దున ఎర్ర కండువా ఆవిడ బుట్టెడు పండిన తునికిపళ్ళ లాంటి ఎర్రటి పళ్ళు, ఉడికించిన చిలగడదుంపలు తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలో మా ఇద్దరి చెప్పులూ ఉన్నాయో లేదో చూసుకుని వెళ్ళింది.

వెళ్ళే వాళ్ళకి నా మాట ఒక్కటే. గట్టు మీద ఆ రోజు ఆటుపోట్ల వేళలు రాసి పెడతారు, దిగేముందు చూసుకోండి, తెలియకపోతే అడగండి. చెప్పులు విప్పి వరసలో పెట్టండి. ఎవరివీ తీయకండి. అక్కడ ఎవరూ ఎత్తుకుపోరు, నేను తప్ప.

తిరుగు ప్రయాణంలో విమానం దిగి రైలెక్కేదాకా నాకు నిద్ర లేదు. గుంటూరు దాటాక ప్రాణం కుదుటపడింది. రైలు ఇంకా బాపట్ల పోతుంది, అయినా నేను తెనాలిలోనే దిగాను. మనిషిని ఇంటిదాకా చేర్చి అప్పజెబితేగానీ నా పూచీ తీరదు. మస్తాన్ స్టేషనుకి వచ్చాడు. నూర్జహాన్‌ని పైనుంచి కిందిదాకా చూసి, "భద్రంగా తీసుకొచ్చారక్కా" అన్నాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను.

నూర్జహాన్ అడ్డొచ్చింది. "భద్రమంటే అలా ఇలా కాదు. నా చెప్పులు కూడా పోకుండా సంచిలో పెట్టుకుని కాపాడింది అక్క" అంది. మస్తాన్ ఎంతో కృతజ్ఞతగా నా వంక చూశాడు. నేను రిక్షా కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాను. రెండు రోజులయ్యాక మొత్తం కథ నూర్జహానే అతనికి చెప్పిందట. అతను ఆ రోజు షాపు తెరవలేదట, ఆమె పక్కనే కూర్చున్నాడట.

స్టేషను నుంచి చేరగానే వాళ్ళింటి గడప దగ్గర నూర్జహాన్ ఆ జరీ చెప్పులు విప్పి, బయట వదిలి లోపలికి వెళ్ళింది. లోపల్నుంచి గ్లాసుల చప్పుడు, దాని గొంతు, నవ్వు. "అక్కా, లోపలికి రా, టీ పెడుతున్నా!"

వీధిలో జనం పోతున్నారు. చెప్పులు మెట్టు మీద అలాగే ఉన్నాయి, ఒకటి పక్కకి ఒరిగి. ఆ గట్టు మీద చెప్పులుంటే మనిషి ఇంకా రాలేదని. మన గడప బయట ఉంటే మనిషి ఇంటికి వచ్చేసిందని. ఒరిగిన చెప్పుని కూడా సరిచేయకుండా, నావి విప్పి వాటి పక్కన పెట్టి లోపలికి వెళ్ళాను.